బీటు ఆగిన చోట

మా ఆయన నోరు ఖాళీగా ఉండగా నేను చూసింది నిద్రలోనే. అదీ గట్టిగా చెప్పలేను, నిద్రలో కూడా "ఇప్పుడు రాబోయే పాట..." అని ఏదో గొణిగేవారు. నాదేమో పళ్ల డాక్టరు దగ్గర ఉద్యోగం. పగలంతా ఊరందరి నోళ్లూ తెరిపిస్తావు, ఇంట్లో ఒక్క నోరు మూయించలేవా అక్కా అని మా తమ్ముడు ఎగతాళి చేసేవాడు. మా ఆయన నోరూ, మా తమ్ముడి గొంతూ ఒకే ఎండాకాలంలో ఎదురుపడ్డాయి. ఆ ఎండాకాలం సంగతే ఇది.

రేడియోలో మా ఆయన పేరు డీజే పిడుగు. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా హిప్‌హాప్ షో. క్షౌరశాలల్లో, మెకానిక్ షెడ్లలో, హాస్టలు గదుల్లో ఆ పేరు తెలియని కుర్రకారు ఉండేవారు కాదు. ఎవరు కొత్తగా ర్యాప్ పాట కట్టినా మొదట పట్టుకొచ్చేది ఆయన దగ్గరికే. అలా వచ్చిన పాటను ఉన్నదున్నట్టు వేసేయడం ఆ వృత్తిలో లేదు. పాట మధ్యలో డీజే తన పేరు కేకేయాలి. లేకపోతే పక్క స్టేషను వాడు దాన్ని గాల్లోంచి పట్టేసుకుని, ముందు మాకే దొరికిందని వేసుకుంటాడట. గిన్నెల మీద పేర్లు కొట్టించుకోమా, అలాగే ఇదీ అనేవారు. ఒక చేత్తో ఉరుము శబ్దం వచ్చే మీట నొక్కి, రెండో చేత్తో మైకు తెరిచి, "పిడుగు పడింది!" అని ఒక్క కేక.

అదైనా ఎక్కడ పడితే అక్కడ వేయకూడదు. ర్యాప్ పాట నడుస్తూ నడుస్తూ ఒకచోట దరువంతా టక్కున ఆగిపోయి, ఊపిరి పీల్చుకునేంత సేపు ఊరుకుని, మళ్లీ ఎత్తుకుంటుంది. బీటు ఆగడం అంటారు దాన్ని. కేక పేలేది ఆ సందులోనే. ఏళ్ల తరబడి అదే పని చేసీ చేసీ, ఆ సందు దొరికితే చాలు, ఆయన చేతులు వాటంతటవే లేచేవి. ఇంట్లో మిక్సీ తిరుగుతూ తిరుగుతూ ఆగినా సరే, పక్క గదిలోంచి "పిడుగు పడింది!" అని వినపడేది. మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత అలవాటైపోయింది.

ఎండలు ముదురుతుండగా స్టేషను చేతులు మారింది. కొత్త యజమానికి పాత మధుర గీతాలంటే ప్రాణమట. వేసవి ముగిసేసరికి హిప్‌హాప్ షో ఎత్తేసి ఆ రెండు గంటలూ పాత పాటలు వేస్తామని మేనేజరమ్మ కబురు చెప్పింది. కావాలంటే అవీ మీరే వేయండి, కాకపోతే కాస్త మెల్లగా మాట్లాడాలి అందట.

"నన్ను! నన్ను మెల్లగా మాట్లాడమంది!" అని ఆయన ఇల్లంతా తిరుగుతూ ఎంత గట్టిగా అరిచారంటే, మేడ మీద వాటాలో ఉండే మా తమ్ముడూ మరదలూ చెప్పులైనా వేసుకోకుండా కిందికి పరుగెత్తుకొచ్చారు.

వచ్చినవాళ్లు భోజనాలకు ఉండిపోయారు. మా తమ్ముడు సిటీ బస్సు కండక్టరు. బావ వాడికి పెట్టిన పేరు రైట్‌రైట్. వాడూ ర్యాప్ కడతాడు. స్టాపుకీ స్టాపుకీ మధ్య, టికెట్లకు చిల్లులు కొడుతూ, ఆ టకటకల లయలోనే కట్టేవాడు. కట్టినవి బస్సులో జనానికి వినిపించేవాడు గానీ, రేడియోకి రారా అని బావ ఎన్నేళ్లు బతిమాలినా వచ్చేవాడు కాదు. నిజంగా చెప్పాల్సింది ఏదైనా ఉన్నప్పుడు వస్తాలే అనేవాడు.

"ఏరా రైట్‌రైట్, గొంతేంటి తుప్పు పట్టింది?" అన్నారు మా ఆయన అన్నం కలుపుతూ.

"అరిచి అరిచి, బావా. నువ్వు చల్లటి గదిలో కూర్చుని అరుస్తావు. నేను పొగలో నిలబడి అరుస్తాను. తేడా ఉండదా మరి?"

"అరుపన్నాక ఒక పద్ధతుండాలిరా. కడుపులోంచి రావాలి."

"నీకంత కడుపుంది కాబట్టి వస్తోంది."

మరదలు పొలమారేలా నవ్వింది. దానికప్పుడు ఐదో నెల. ఇంతా నవ్వి, నా చెవి దగ్గరికి వంగి, "వదినా, చాలా రోజులుగా ఇలాగే ఉందండీ. మంచినీళ్లు మింగినా మొహం అదోలా పెడుతున్నారు" అంది. నేను మర్నాడే వాడి చెయ్యి పట్టుకుని మా డాక్టరు కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన పళ్లు చూడనేలేదు. లైటు గొంతులోకి వేసి, ఇది నా పని కాదు, వెంటనే గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమన్నారు.

అక్కడ గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం చెప్పే రోజు నలుగురం వెళ్లాం. డాక్టరు మంచివాడు, నాన్చలేదు. స్వరపేటిక మొత్తం తీసేయాలి. తీసేస్తే మనిషి నిక్షేపంగా దక్కుతాడు.

"మరి మాటో?" అంది మరదలు.

"మాట పోతుందమ్మా. తర్వాత సాధన చేస్తే ఏదో ఒక రకమైన శబ్దం వస్తుంది, కొందరికి రాదు. ఈ గొంతైతే మళ్లీ రాదు."

ఆపరేషనుకు దొరికిన తేదీ వేసవి ఆఖరి వారంలో. అందాకా వీలైనంత తక్కువ మాట్లాడమన్నారు. బయట వరండాలో మంచినీళ్ల కుండీ దగ్గర నిలబడ్డాం. మా ఆయన ఏదో అనబోయి మానుకున్నారు. ఆయన మానుకోవడం చూసి నాకు భయం వేసింది.

తమ్ముడే అన్నాడు. "బావా, చెప్పాల్సింది దొరికింది. ఒక్క పాట. పుట్టేవాళ్లకి నా గొంతు ఎలా ఉండేదో తెలియాలి కదా. మీ స్టేషన్లో రికార్డింగు చేసే ఆ చిన్న గది ఉందే, మనిద్దరమే కూర్చుని పట్టిద్దాం."

"ఒక్కటేంట్రా, పది పట్టిస్తా" అన్నారు మా ఆయన. కళ్లు తుడుచుకుంటూ అన్నారు.

అప్పటికింకా మా ఎవరి జేబులోనూ రికార్డు చేసే ఫోను లేదు. మా ఇంట్లో ఉన్న టేప్‌రికార్డరు పాడడమే తప్ప పట్టడం మానేసి చాలా కాలమైంది. దాన్ని బాగుచేయిద్దామండీ, ఊరికే నాలుగు మాటలైనా పట్టుంచుదాం అన్నాను. "స్టేషనుండగా ఈ డొక్కుతో ఏం పని?" అన్నారు. నిజమే కదా అని ఊరుకున్నాను.

ఆయన పని మొదలుపెట్టలేదని కాదు, నిష్ఠూరంగా మాట్లాడకూడదు. తమ్ముడి బస్సెక్కి మైకు పట్టుకుని ఊరంతా తిరిగారు. టికెట్లకు చిల్లులు కొట్టే పంచు టకటకలు, తలుపు మడత పడేటప్పటి నిట్టూర్పు, గంట, తమ్ముడు బస్సు రేకు మీద అరచేత్తో కొట్టే రెండు దెబ్బలు, అన్నీ పట్టి, వాటితోనే దరువు కట్టారు. ఇంట్లో వినిపిస్తే బస్సు మా ముందు గదిలోకి వచ్చి ఆగినట్టుంది. తమ్ముడు బావను వాటేసుకుని వదల్లేదు. అంత బాగా కట్టగల మనిషి అంత నాన్చుడు మనిషి కూడా కావడమే వచ్చిన చిక్కు. ఇవాళ గంట శబ్దం కుదరలేదన్నారు. రేపు చిన్న గది ఖాళీ లేదన్నారు, కొత్త యజమాని పాత పాటల ప్రకటనలు రికార్డు చేయిస్తున్నాడట. ఆ వారం కాదు, పై వారం అన్నారు.

ఈలోగా తమ్ముడి గొంతు రోజురోజుకీ సన్నబడిపోతోంది. బస్సులో మాట మానేసి ఈలతోనూ, రేకు మీద దెబ్బలతోనూ నెట్టుకొచ్చేవాడు. ఇంట్లో సైగలే. పొదుపు చేస్తున్నాను అక్కా, ఒక్క పాటకు సరిపడా మిగిల్చుకోవాలి అని గుసగుసగా అనేవాడు. నాకు ఏడుపొచ్చేది.

అప్పుడు తట్టింది మా ఆయనకు ఆ ఆలోచన. వంటింటి గుమ్మంలో నిలబడి, మొహం వెలిగిపోతుండగా చెప్పారు.

"నా ఆఖరి షో ఆపరేషనుకు ముందు వారమే వస్తోందే. దాంట్లో వాడి చేత లైవ్‌గా పాడిస్తాను. నా షో వాడి పాటతో ముగుస్తుంది. ఊరంతా వింటుంది."

"ముందు ఆ చిన్న గదిలో పట్టించండి. ఆ తర్వాత మీ ఇష్టమొచ్చినట్టు ఊరేగించుకోండి."

"రెండుసార్లు పాడే గొంతు ఉందా వాడికి? ఉన్న ఒక్కసారీ గదిలో గోడలకు వినిపించమంటావా?"

"గోడలు మధ్యలో కేకలేయవు."

ఆ మాట ఆయనకు తగిలింది. దగ్గరికొచ్చి, నా తల మీద చెయ్యి పెట్టారు. "ఒట్టు. వాడు పాడుతున్నంతసేపూ నా మైకు మూసేస్తాను. చాలా?"

వెనక తలుపు దగ్గర తమ్ముడు ఎప్పుడొచ్చాడో. "వద్దులే అక్కా, గొడవ పడకండి" అన్నాడు, గాలి ఎక్కువా మాట తక్కువా అయిన గొంతుతో. "బావ ఆఖరి షో. నాతో ముగిస్తే నాకూ బాగుంటుంది." తర్వాత బావ వైపు తిరిగి వేళ్లతో చూపిస్తూ చెప్పాడు. "చివర రెండు లైన్లకు బీటు ఆపెయ్ బావా. అక్కడ నా గొంతొక్కటే వినపడాలి. ఆ రెండూ ఇంకా కట్టలేదు. అక్కడ నిలబడితే అవే వస్తాయి. అవి పూర్తిగా లోపలున్నవాళ్లకి."

లోపలున్నవాళ్లు అంటే కడుపులో ఉన్న బిడ్డ. బావ సరేనని తలూపారు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. వాళ్లిద్దరి సంతోషం చూసి నేనూ మెత్తబడ్డాను.

ఆ స్టేషను టైర్ల దుకాణం మీద, రెండో అంతస్తులో ఉండేది. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన వెంట వచ్చేది. లోపల గోడలకు నల్లటి స్పాంజి, మధ్యలో అద్దం. అద్దానికి అవతల మా ఆయనా తమ్ముడూ ఎదురెదురుగా, చెరో మైకుతో. ఇవతల టేపు పట్టే ఇంజనీరు, ఆయన పక్కన రెండు స్టూళ్ల మీద నేనూ మరదలూ. అవతల గదిలో ఏ మైకులో ఏం పలికినా ఒకే టేపు మీద కలిసి పడుతుందని ఇంజనీరు ముందే చెప్పాడు. అందుకే నీ మైకు దించెయ్ అన్నాడు మా ఆయనతో. దించేస్తానండీ, మా ఆవిడకు ఒట్టేశాను అన్నారు ఈయన.

ఆ సాయంత్రం షో అంతా ఈయన ఎప్పటికంటే బాగా మాట్లాడారు. నవ్వించారు, పాత కుర్రాళ్లను పేరుపేరునా తలుచుకున్నారు. ఇంకొక్క పాటకే సమయం మిగిలింది.

"ఈ గొంతు మీకందరికీ తెలుసు. ముందుకు జరగమని రోజూ మిమ్మల్ని కసిరే గొంతే. ఇవాళ కసరడు. వినండి." అంతే అని, మైకు మీట కిందికి లాగేశారు. అద్దంలోంచి నా వంక చూసి, మూతి మీద వేలేసుకున్నారు. నేను నవ్వాను.

దరువు మొదలైంది. తలుపు నిట్టూర్చింది, గంట మోగింది. తమ్ముడు కళ్లు మూసుకున్నాడు. ఇన్నాళ్లూ దాచుకున్నదంతా తీసి ముందు పెట్టాడు. గరగరలాడుతూనే, తడబడకుండా.

"జరగండి జరగండి, ముందర చోటుంది,
నిలబడ్డ ప్రతివాడికీ కూచునే రోజుంది.
చిల్లర లేదన్న దొర జేబులో నోటుంది,
నా చేతిలో పంచుంది, నా నోట్లో మాటుంది..."

మరదలు నా చెయ్యి పట్టుకుంది. ఇంజనీరు తల ఊపుతున్నాడు. అద్దం అవతల మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. భుజాలు ఊగుతున్నాయి, పెదవులు బిగించి ఉన్నాయి. మాట మీద నిలబడ్డాడు మనిషి అనుకున్నాను. పాట మలుపులన్నీ దాటి చివరికొచ్చింది. తమ్ముడు కళ్లు తెరిచి, అద్దంలోంచి మరదలి కడుపు వంక చూశాడు.

"ఇంకా ఎక్కని పాసెంజరూ, నీకు తొందరేం లేదు,
కిటికీ పక్క సీటు నీకే, ఇంకెవరికీ ఇవ్వలేదు..."

బీటు ఆగింది.

మా ఆయన చేతులు లేచాయి. నేను చూస్తూనే ఉన్నాను. ఒక చెయ్యి మైకు మీటను పైకి తోసింది, రెండోది ఉరుము మీద పడింది. "పిడుగు పడింది! రైట్‌రైట్! వినండి, వినండి!" ఉరుము గదంతా దొర్లింది. దాని కింద తమ్ముడి పెదవులు కదులుతున్నాయి. కదిలి, ఆగాయి. మళ్లీ గంట మోగి, దరువు ఎత్తుకుంది. జరగండి జరగండి అని ఇంకోసారి అని, పాట ముగిసిపోయింది.

ఇంజనీరు ముందున్న ఫోన్ల దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. మా ఆయన చెవుల మీది హెడ్‌ఫోన్లు పీకేసి, తమ్ముణ్ణి ముద్దు పెట్టుకుని, తలుపు తోసుకుని మా దగ్గరికి వచ్చారు.

"చూశావా? చూశావా ఎలా పాడాడో? నా సర్వీసులో ఇలాంటిది వినలేదు!"

మరదలు తల దించుకుంది. ఆయన నా మొహం చూశారు, ఇంజనీరు మొహం చూశారు. ఏమైందన్నారు. ఆయనకు నిజంగానే తెలియదు. ఇంజనీరు టేపు కొంచెం వెనక్కి తిప్పి వినిపించాడు. కిటికీ పక్క సీటు, ఆ తర్వాత ఉరుము. ఇంజనీరు టేపు ఆపేశాడు. మా ఆయన తన రెండు చేతుల వంకా చూసుకున్నారు.

"ఇంకోసారి... ఆ రెండు లైన్లేరా. ఆ రెండే" అన్నారు తమ్ముడి వైపు తిరిగి. తమ్ముడు నోరు తెరిచాడు. ఊపిరే వచ్చింది. మళ్లీ తెరిచాడు. అదే ఊపిరి. వాడు బావ భుజం తట్టి, వెళ్తూ వెళ్తూ తలుపు చెక్క మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. బండి పోనివ్వమని డ్రైవరుకు చెప్పేటప్పుడు కొట్టేవే. మేం వాడి వెనకే రబ్బరు వాసనలోకి దిగాం.

ఆపరేషను బాగా జరిగింది. డాక్టరు చెప్పినట్టే మనిషి నిక్షేపంగా దక్కాడు. కంఠం కింద చిన్న రంధ్రం, దాని మీద తెల్లటి గుడ్డ. సాధన చేశాడు, వాడికి శబ్దం రాలేదు. చేతిలో ఒక పలక ఉండేది, రాసి, ఒక్క లాగుతో చెరిపేసుకునే పిల్లల పలక. మనిషిని దక్కించుకున్న సంతోషంలో ఇంట్లో ఎవరమూ టేపు ఊసు ఎత్తలేదు. మా ఆయన ఒక్కరే దాన్ని సంచిలో వేసుకుని తెలిసినవాళ్లందరి దగ్గరికీ తిరిగారు. ఉరుమును సగం తగ్గించగలిగారు. ఈయన కేకను మాత్రం ఎవరూ విడదీయలేకపోయారు. దాన్ని చెరిపితే తమ్ముడి మాటా పోతోందట, రెండూ అంతలా కలిసిపోయాయట.

ఒక ఆదివారం పొద్దున తమ్ముడి దగ్గర కూర్చుని, ఇంక ఉండబట్టలేక అడిగేశారు.

"ఆ రెండు లైన్లూ ఏమన్నావురా? రాసివ్వు. పలక మీద కాదు, కాగితం మీద రాసివ్వు. బిడ్డకు నేను..." అక్కడ ఆగిపోయారు. నేను చదివి వినిపిస్తాను అనబోయారు. ఆ గొంతుతోనా అని ఆయనకే అనిపించి ఉంటుంది.

తమ్ముడు బావను చాలాసేపు చూశాడు. తర్వాత పలక మీదే రాశాడు. 'గుర్తులేదు బావా. ఏదో వచ్చింది, అనేశాను.' బావ చదవడం అయ్యాక లాగి చెరిపేసి, 'టీ తాగుతావా?' అని రాశాడు.

వాడు మరిచిపోయాడంటే నేను నమ్మలేను. ఏ స్టాపులో ఏ ముసలమ్మ ఎక్కుతుందో, ఆమెకు ఏ మెట్టు దగ్గర చెయ్యి అందించాలో ఇప్పటికీ చెప్పగలడు. గుర్తుండీ లేదన్నాడంటే, అది బావ మీద కోపమో, బావ మీద జాలో, ఇంక ఆ రెండూ తనకొక్కడికే ఉండనీ అనుకున్నాడో. అడిగితే పలక చెరిపేసినట్టు నవ్వేస్తాడు. నేనూ అడగడం మానేశాను.

మా ఆయన అదే స్టేషనులో పాత పాటలు వేస్తున్నారు. పిడుగు అన్న పేరు వదిలేశారు. పక్క స్టేషను వాళ్లు హిప్‌హాప్ షో ఇస్తాం రమ్మని ఇంటికొచ్చి పిలిచారు, కాళ్లు పట్టుకున్నంత పని చేశారు. రానన్నారు. ఇప్పుడాయన పాట మీద ఒక్క ముక్క మాట్లాడరు. పాటలో చిట్టచివరి వీణ తీగె కూడా ఆరిపోయేదాకా ఆగుతారు. ఆరిపోయాక కూడా ఇంకాస్త ఆగుతారు. రేడియోలో ఊరుకోవడమంత తప్పు ఇంకొకటి లేదు కాబట్టి మేనేజరమ్మ మొదట్లో కేకలేసింది. వినేవాళ్లకు అది నచ్చింది. ఎంత హుందాగా వేస్తారండీ పాటలు అని మా డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లు నాతో అంటుంటారు. నోరు తెరిచి ఉంచండి అంటాను.

ఇంట్లోనూ అంతే. మిక్సీ ఆగుతుంది, పక్క గదిలోంచి ఏమీ వినపడదు. ఆ కేక కోసం నా చెవి ఇప్పటికీ ఎదురుచూస్తుందని చెబితే ఆయన బాధపడతారని చెప్పను.

ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు దానికి నాలుగేళ్లు. మా తమ్ముణ్ణి డిపోలో బస్సులు పంపించే పనిలో పెట్టారు, చేతిలో పచ్చజెండాతో. పిల్ల నోరు మాత్రం మామయ్యదే, మూత పడదు. సెలవు రోజుల్లో మేడ దిగి వచ్చి, "అత్తా, మామయ్య పాట పెట్టు" అంటుంది.

మామయ్య పాట అంటే ఆ పాటే. అది మీ నాన్న పాటే అని అందరం చెప్పి చూశాం. అది నమ్మదు. "నాన్న మాట్లాడడు కదా!" అంటుంది, ఆమాత్రం తెలియదా మీకు అన్నట్టు. నాన్న అంటే దానికి పలకా, పచ్చజెండా, తలుపు మీద రెండు దెబ్బలూ. టేపులో అంతసేపు మాట్లాడే ఆ కొత్త మనిషి ఎవరో దానికి అక్కర్లేదు. ఆ గలగలల్లో దానికి తెలిసిన గొంతు ఒక్కటే. ఆ గొంతు కోసం పాటంతా ఓపిక పడుతుంది. బీటు ఆగగానే రెండు చేతులూ ఎత్తి, ఉరుముతో పాటు తనూ "పిడుగు పడింది!" అని గెంతి, పడీ పడీ నవ్వుతుంది. ఇన్నాళ్లూ ఈ పాట పెట్టే వేళకు మా ఆయన ఏదో పని కల్పించుకుని బయటికి పోయేవారు.

మొన్న పోలేకపోయారు. వాన పడుతోంది, పిల్ల ఆయన ఒళ్లో ఎక్కి కూర్చుంది. తమ్ముడూ మరదలూ కూడా కిందే ఉన్నారు. పాట నడిచింది. బీటు ఆగింది, పిల్ల గెంతింది, నవ్వింది. తమ్ముడూ దానితో పాటే నవ్వాడు, చప్పుడు లేకుండా. మా ఆయన వాడి వంక చూసి, లేచి వెళ్లి, టేపు కొంచెం వెనక్కి తిప్పారు.

"బంగారూ, ఈసారి అరవకుండా విందామా?"

"ఎందుకు?"

"అక్కడ మీ నాన్న నీతో మాట్లాడుతున్నాడు. నీతో ఒక్కదానితోనే."

పిల్ల అనుమానంగా వాళ్ల నాన్న వంక చూసింది. తమ్ముడు నవ్వడం ఆపేశాడు. అవునన్నట్టు తలూపాడు. అది వెళ్లి టేప్‌రికార్డరు ముందు గొంతుక్కూర్చుని, చెవిని స్పీకరు జాలీకి ఆనించి, ఊపిరి బిగబట్టింది. మా ఆయన మీట నొక్కారు. కిటికీ పక్క సీటు నీకే అన్నాడు తమ్ముడు. బీటు ఆగింది. ఉరుము దొర్లింది. గంట మోగి, మళ్లీ దరువు మొదలైంది.

పిల్ల చెవి తీయకుండానే మామయ్య వంక తలెత్తి చూసింది.

"లేదు మామయ్యా. నువ్వే వినపడుతున్నావు."